గియోర్గీ జుకోవ్

గియోర్గీ కాన్‌స్టాంటినోవిచ్ జుకోవ్ (1896 డిసెంబర్ 1 - 1974 జూన్ 18) సోవియట్ యూనియన్‌కు చెందిన సుప్రసిద్ధ సేనాని, మార్షల్, ఆ దేశ రక్షణ మంత్రి. రెండవ ప్రపంచ యుద్ధంలో మాస్కో రక్షణ మొదలుకొని బెర్లిన్ పతనం వరకు తూర్పు రణరంగంలో జరిగిన ప్రధాన యుద్ధాలలో అనేకం ఇతని ఆధ్వర్యంలోనో, ఇతడు పాల్గొన్న ప్రణాళికల ప్రకారమో జరిగాయి. సోవియట్ వీరుడు అనే అత్యున్నత బిరుదును నాలుగు సార్లు పొందాడు. 1955 ఫిబ్రవరి నుండి 1957 అక్టోబర్ వరకు రక్షణ మంత్రిగా పనిచేశాడు. యుద్ధరంగంలో ఇంతటి పేరు గడించిన ఇతనిని తన దేశ ప్రభుత్వమే రెండు పర్యాయాలు పదవీచ్యుతుణ్ణి చేసింది. మొదటిసారి ఆ పని చేసినవాడు స్టాలిన్. రెండవసారి చేసిన నికితా కృశ్చేవ్, అంతకు నాలుగు నెలల ముందే ఇతని సహాయంతో తన పదవిని నిలబెట్టుకున్నవాడు.

బాల్యము

జుకోవ్ మాస్కోకు నైరుతి దిశలో ఉన్న కలూగా ప్రాంతంలోని స్ట్రెల్‌కోవ్కా గ్రామంలో జన్మించాడు. అప్పటి రష్యాలో అమలులో ఉన్న పాత పంచాంగం ప్రకారం ఇతని జన్మదినం నవంబర్ 19. తండ్రి కాన్‌స్టాంటిన్ చెప్పులు కుట్టి జీవించేవాడు. అతడు తల్లిదండ్రులెవరో తెలియని అనాథ, ఒక విధవరాలు దత్తత తీసుకొని పెంచింది. తల్లి ఉస్తీన్యా వ్యవసాయ కూలి. గ్రామ పాఠశాలలో మూడు సంవత్సరాల చదువు పూర్తయ్యాక, పన్నెండేళ్ళు కూడా నిండకముందే, 1908లో, జుకోవ్‌ను మాస్కోలో ఉన్న మేనమామ పిలీఖిన్ వద్దకు పనికి పంపారు. పిలీఖిన్ జంతువుల బొచ్చు తోళ్ళతో చలికోట్లు తయారుచేసే వ్యాపారి. అక్కడ జుకోవ్ పగలంతా పనిచేసి, రాత్రిపూట చదువుకునేవాడు. చేతిపని బాగా నేర్చి మంచి పనివాడయ్యాడు. యుద్ధమే రాకపోతే అదే వృత్తిలో స్థిరపడి ఉండేవాడేమో.

సైన్యంలో తొలి సంవత్సరాలు

మొదటి ప్రపంచ యుద్ధం జరుగుతుండగా 1915లో జుకోవ్ జార్ చక్రవర్తి సైన్యంలో నిర్బంధ నియామకం ద్వారా చేరాడు. అశ్వికదళంలో పనిచేసి, పరాక్రమానికి గాను రెండు సెయింట్ జార్జి శిలువలు పొందాడు. విప్లవానంతరం 1918లో ఎర్రసైన్యంలో చేరాడు. 1919 మార్చిలో బోల్షివిక్ పార్టీ సభ్యుడయ్యాడు. అంతర్యుద్ధంలో గాయపడ్డాడు. టాంబోవ్ ప్రాంతపు రైతాంగ తిరుగుబాటును అణచివేసిన దళాలలో కూడా ఇతడున్నాడు. ఆ పోరాటానికి ఎర్ర పతాక పురస్కారం లభించింది.

తరువాతి పదిహేనేళ్ళలో మెట్టు మెట్టుగా ఎదిగాడు. 1923లో రెజిమెంటుకు, 1933లో అశ్వికదళ డివిజన్‌కు అధిపతి అయ్యాడు. 1924-25లో లెనిన్‌గ్రాడ్‌లోని అశ్విక విద్యాలయంలో ఇతని సహాధ్యాయులైన రొకొసోవ్‌స్కీ, బగ్రమ్యాన్ కూడా తరువాత మార్షల్స్ అయ్యారు. కఠిన శిక్షకుడిగా, క్రింది అధికారుల తప్పులను ఏ మాత్రం సహించనివాడిగా జుకోవ్‌కు ఆ రోజులలోనే పేరు వచ్చింది. 1937-38లో స్టాలిన్ సైన్యాధికారులపై జరిపిన దమనకాండలో తుఖచెవ్‌స్కీతో సహా వేలమంది బలయ్యారు. జుకోవ్ కూడా పార్టీ సమావేశాలలో విచారణ ఎదుర్కొన్నాడు గానీ బయటపడ్డాడు. పైవారి స్థానాలు ఖాళీ కావడంతో త్వరగా పదోన్నతులు పొందినవారిలో ఇతడూ ఒకడన్నది మరువరాదు.

ఖల్ఖిన్ గోల్

1939 వేసవిలో మంగోలియా, మంచూరియాల సరిహద్దులో ఖల్ఖిన్ గోల్ నది వద్ద జపాన్ సైన్యంతో ఘర్షణ మొదలైంది. పరిస్థితి చక్కదిద్దడానికి జుకోవ్‌ను పంపారు. రణరంగం నుండి రైలు మార్గం ఆరు వందల కిలోమీటర్లకు పైగా దూరంలో ఉంది. గుండ్లు, ఇంధనం, ఆహారం, చివరకు వంటచెరకు కూడా లారీలలో గడ్డిమైదానాల మీదుగా తేవలసి వచ్చింది. సోవియట్ సేన రక్షణకే సిద్ధపడుతున్నదని శత్రువు నమ్మేటట్లుగా దొంగ సమాచారాలు ప్రసారం చేయించి, జుకోవ్ ఆగస్టు 20న ఒక్కసారిగా దాడి ప్రారంభించాడు. మధ్యలో పదాతిదళం శత్రువును నిలిపి ఉంచగా, రెండు ప్రక్కల నుండి ట్యాంకులు చుట్టుముట్టాయి. ఆగస్టు నెలాఖరుకు జపాన్ డివిజన్ దాదాపు నాశనమైంది. జుకోవ్‌కు మొదటిసారి సోవియట్ వీరుడు బిరుదు లభించింది. ఐరోపాలో అప్పుడే మహాయుద్ధం ఆరంభమైనందున ఈ విజయం ప్రపంచం దృష్టికి అంతగా రాలేదు. ఇతని తరువాతి యుద్ధాల స్వరూపమంతా, రహస్య సన్నాహం, బలగాల భారీ కేంద్రీకరణ, చుట్టుముట్టడం, సైనిక నష్టాన్ని లెక్కచేయకపోవడంతో సహా, ఇక్కడే కనిపిస్తుంది.

మహాయుద్ధంలో

1941 జనవరిలో జుకోవ్ సైనిక ప్రధాన కార్యాలయమైన జనరల్ స్టాఫ్‌కు అధిపతిగా నియమితుడయ్యాడు. కార్యాలయపు పని ఇతని స్వభావానికి సరిపడినది కాదు. జర్మనీ దాడికి సిద్ధమవుతున్నదన్న సూచనలు వస్తున్నా స్టాలిన్ నమ్మలేదు. సేనలను అప్రమత్తం చేసే ఆజ్ఞ జూన్ 21 రాత్రి పొద్దుపోయాక గానీ వెలువడలేదు. 22వ తేదీ తెల్లవారుజామున జర్మన్ దాడి ప్రారంభమైంది. నిద్రపోతున్న స్టాలిన్‌ను ఫోనులో లేపి ఆ వార్త చెప్పినవాడు జుకోవే. ఆ తొలి వారాల ఘోర పరాజయాలకు జనరల్ స్టాఫ్ అధిపతిగా ఇతని బాధ్యత ఎంత అనేది చరిత్రకారులు నేటికీ చర్చిస్తున్న విషయం.

జూలై చివరలో ఇతనిని ఆ పదవి నుండి తొలగించారు. కీవ్ నగరాన్ని వదలి సేనలను వెనుకకు తీసుకురావాలని తాను సూచించినందుకు స్టాలిన్ ఆగ్రహించాడని జుకోవ్ తన జ్ఞాపకాలలో వ్రాశాడు. సెప్టెంబరులో కీవ్ వద్ద లక్షలాది సోవియట్ సైనికులు శత్రువుకు చిక్కారు. ఈలోగా జుకోవ్ యెల్న్యా వద్ద ఒక చిన్న విజయం సాధించి, ఆ తరువాత ముట్టడిలో ఉన్న లెనిన్‌గ్రాడ్ రక్షణ బాధ్యత చేపట్టాడు. అనుమతి లేకుండా స్థానాలు వదలినవారికి మరణశిక్ష విధించవలసిందిగా అక్కడ ఇతడు జారీచేసిన ఆజ్ఞలు చాలా కఠినమైనవి.

1941 అక్టోబర్ 10న మాస్కోను కాపాడవలసిన పశ్చిమ ఫ్రంట్ (కొన్ని సైన్యాల సముదాయాన్ని సోవియట్ పరిభాషలో ఫ్రంట్ అంటారు) ఇతని చేతికి వచ్చింది. అప్పటికి వ్యాజ్మా వద్ద రక్షణ సేనలలో అధిక భాగం చుట్టివేయబడి, రాజధానికి దారి దాదాపు తెరచి ఉంది. జుకోవ్ దొరికిన దళాలతో ముఖ్యమైన రహదారులను అడ్డగించాడు. వచ్చిన అదనపు బలగాలను ఒకేసారి ఖర్చు చేయకుండా దాచాడు. జర్మన్ దళాలు నగరానికి సుమారు ముప్ఫై కిలోమీటర్ల వరకు వచ్చి, అలసట, చలి, సరఫరాల కొరతలతో ఆగిపోయిన క్షణంలో, డిసెంబర్ 5, 6 తేదీలలో ఎదురుదాడి జరిగింది. శత్రువు వంద నుండి రెండు వందల యాభై కిలోమీటర్ల వరకు వెనక్కి తగ్గాడు. ఈ యుద్ధంలో జర్మన్ సైన్యం భూమిపై తన మొదటి పెద్ద ఓటమిని చవిచూసింది.

ఆ ఉత్సాహంలో స్టాలిన్ రణరంగం పొడవునా ఒకేసారి దాడులు చేయాలన్నాడు. బలమంతా ఒకచోట కేంద్రీకరించాలన్న జుకోవ్ అభ్యంతరం చెల్లలేదు. ఫలితంగా ర్జెవ్, వ్యాజ్మా ప్రాంతంలో నెలల తరబడి రక్తపాతం జరిగింది. 1942 నవంబర్‌లో అదే ర్జెవ్ వద్ద జుకోవ్ పర్యవేక్షించిన మరొక దాడి కూడా విఫలమైంది. స్టాలిన్‌గ్రాడ్ నుండి శత్రువు దృష్టి మరల్చడానికే ఆ దాడి చేశామన్నది జుకోవ్ వివరణ. అంత పెద్ద బలగాన్ని కేవలం దృష్టి మరల్చడానికి వినియోగిస్తారా అని డేవిడ్ గ్లాంజ్ వంటి చరిత్రకారులు ప్రశ్నించారు. విజయాల జాబితా మాత్రమే చదివే విద్యార్థులకు ర్జెవ్ పేరు తారసపడదు గనుక ఇక్కడ పేర్కొనవలసి వచ్చింది.

1942 ఆగస్టులో జుకోవ్ సర్వసైన్యాధిపతికి (అంటే స్టాలిన్‌కు) ఉపాధిపతి అయ్యాడు. స్టాలిన్‌గ్రాడ్ వద్ద జర్మన్ ఆరవ సైన్యాన్ని చుట్టుముట్టే ప్రణాళికను వసిలెవ్‌స్కీతో కలిసి రూపొందించాడు. 1943 జనవరిలో మార్షల్ హోదా పొందాడు. ఆ సంవత్సరం జూలైలో కుర్‌స్క్ వద్ద, 1944లో ఉక్రెయిన్, బెలారస్‌లలో జరిగిన దాడులలో ఇతనిది ముఖ్య పాత్ర. 1945 ఏప్రిల్ 16న బెర్లిన్‌పై దాడి ప్రారంభమైంది. నగరానికి తూర్పున ఉన్న జేలో గుట్టల వద్ద ఇతని దళాలు అనుకోని ప్రతిఘటన ఎదుర్కొన్నాయి. ఒకవైపు కోనెవ్ సేనలు తనకంటే ముందే నగరం చేరతాయేమోనన్న పోటీ కూడా ఉంది. రక్షణరేఖ తెగకముందే ట్యాంకు సైన్యాలను ఇరుకైన చోట ప్రవేశపెట్టడం ఎక్కువ ప్రాణనష్టానికి కారణమైందన్న విమర్శ ఉంది. అధికారిక లెక్కల ప్రకారం బెర్లిన్ కోసం సాగిన మూడు వారాల పోరులో సోవియట్, పోలిష్ సైనికులు కలిపి 81,000 మందికి పైగా మరణించారు లేక గల్లంతయ్యారు. మే 8 అర్ధరాత్రి సమయంలో కార్ల్స్‌హోర్స్ట్‌లో జర్మనీ లొంగుబాటును సోవియట్ పక్షాన జుకోవ్ స్వీకరించాడు. జూన్ 24న మాస్కో ఎర్ర మైదానంలో జరిగిన విజయోత్సవ కవాతులో తెల్లని గుర్రంపై వచ్చి సేనల వందనం అందుకున్నాడు. మిత్రరాజ్యాల సేనాని ఐసెన్‌హోవర్‌తో స్నేహం ఏర్పడినది ఈ రోజులలోనే.

మొదటి పతనం

యుద్ధం ముగిసిన తరువాత అంతటి ప్రజాదరణ ఉన్న సేనానిని స్టాలిన్ సహించలేదు. 1946లో వైమానిక దళాధిపతి నోవికోవ్‌ను నిర్బంధించి, జుకోవ్‌కు వ్యతిరేకంగా వాఙ్మూలం తీసుకున్నారు. జూన్‌లో జరిగిన ఉన్నత సైనిక మండలి సమావేశంలో, విజయాలన్నీ తనవేనని గొప్పలు చెప్పుకున్నాడన్న ఆరోపణపై విచారించారు. సాటి మార్షల్స్ ఇతని అహంభావాన్ని, దురుసుతనాన్ని విమర్శించారు గానీ దేశద్రోహి అన్న మాటను అంగీకరించలేదు. బహుశా ఆ కారణంగానే ప్రాణం దక్కింది. ఇతనిని ఒడెస్సా సైనిక మండలానికి, 1948లో అంతకంటే మారుమూలనున్న ఉరల్ మండలానికి బదిలీ చేశారు. అదే కాలంలో ఇతని ఇళ్ళు సోదా చేసి, జర్మనీ నుండి తెచ్చిన వస్త్రాలు, తివాచీలు, చిత్రపటాలు పెద్ద సంఖ్యలో స్వాధీనం చేసుకున్నారు. ఆరోపణ రాజకీయ ప్రేరితమే అయినా వస్తువులు దొరికిన మాట నిజం. సన్నిహితులైన జనరల్ క్ర్యూకోవ్, అతని భార్య అయిన ప్రసిద్ధ గాయని లీదియా రుస్లానోవా జైలు పాలయ్యారు.

తిరిగి రాజధానికి

1953 మార్చిలో స్టాలిన్ మరణించగానే జుకోవ్‌ను రక్షణ శాఖ ప్రథమ ఉపమంత్రిగా మాస్కోకు రప్పించారు. కొత్త నాయకులకు సైన్యం మద్దతు అవసరమైంది. జూన్ 26న, రహస్య పోలీసు శాఖాధిపతి బెరియాను క్రెమ్లిన్‌లో సమావేశం మధ్యలో నిర్బంధించిన సైనికాధికారులలో జుకోవ్ ఒకడు. క్రెమ్లిన్ రక్షక దళం బెరియా చేతిలోనే ఉన్నందున ఆయుధాలతో ఉన్న అధికారులను మంత్రుల కార్లలో లోపలికి తీసుకువెళ్ళారు. ఆ రోజు సైన్యం పార్టీ నాయకుల కలహంలో మొదటిసారి తీర్పరి అయ్యింది.

1954 సెప్టెంబర్ 14న తోత్‌స్కోయె వద్ద జుకోవ్ ఆధ్వర్యంలో జరిగిన సైనిక విన్యాసాలలో నిజమైన అణుబాంబును పేల్చి, ఆ ప్రదేశం మీదుగా సేనలను నడిపించారు. సుమారు 45,000 మంది సైనికులు పాల్గొన్నారు. అణుయుద్ధంలో సైన్యం ఎలా పోరాడగలదో తెలుసుకోవడం లక్ష్యం. పాల్గొన్నవారి ఆరోగ్యం ఏమైందో అడిగేవారు అప్పుడు లేరు. ఆ సంగతి బయటపెట్టరాదని వారిచేత ప్రమాణం తీసుకున్నారు.

రక్షణ మంత్రిగా

1955 ఫిబ్రవరిలో మలెన్‌కోవ్ ప్రధానమంత్రి పదవి నుండి తప్పుకోగా, అప్పటివరకు రక్షణ మంత్రిగా ఉన్న బుల్గానిన్ ఆ స్థానానికి వెళ్ళాడు. జుకోవ్ రక్షణ మంత్రి అయ్యాడు. బుల్గానిన్ మార్షల్ దుస్తులు ధరించినా అసలు సైనికుడు కాడు. ఇతడు తలపండిన సేనాని. ఈ భేదం శాఖలో త్వరలోనే తెలిసింది.

ఇతని కాలంలో రెండు విరుద్ధ ధోరణులు కలిసి నడిచాయి. ఒకవైపు 1955 మేలో వార్సా ఒప్పందం కుదిరి తూర్పు ఐరోపా సేనలు ఒకే కూటమి క్రిందకు వచ్చాయి. మరొకవైపు సైన్యం తగ్గింది. 1955లో 6,40,000 మందిని, 1956లో 12 లక్షల మందిని తగ్గిస్తున్నట్లు ప్రభుత్వం ప్రకటించింది. ఆస్ట్రియా నుండి సేనలు వైదొలగాయి. ఫిన్లాండ్‌లోని పొర్కలా స్థావరాన్ని తిరిగి ఇచ్చివేశారు. 1955 జూలైలో జెనీవా శిఖరాగ్ర సమావేశానికి జుకోవ్‌ను వెంట తీసుకువెళ్ళడానికి ముఖ్య కారణం, అప్పటికి అమెరికా అధ్యక్షుడైన ఐసెన్‌హోవర్‌తో ఇతనికున్న పాత పరిచయమే. ఇద్దరు వృద్ధ సైనికులు ఏకాంతంగా మాట్లాడుకున్నారు గానీ ఒప్పందాలేవీ కుదరలేదు.

మంత్రిగా ఇతడు చేసిన పనులలో అంతగా ప్రచారం పొందనిది యుద్ధ ఖైదీల విషయం. జర్మనులకు చిక్కి, యుద్ధానంతరం తిరిగివచ్చిన సోవియట్ సైనికులను స్టాలిన్ ప్రభుత్వం అనుమానితులుగా చూసింది. అనేకులను శిబిరాలకు పంపింది. మిగిలినవారికి ఉద్యోగాలు, గౌరవం కరవయ్యాయి. 1956లో జుకోవ్ అధ్యక్షతన ఏర్పడిన సంఘం ఈ అన్యాయాన్ని పరిశీలించింది. ఆ ఏడాది జూన్ 29న పార్టీ, ప్రభుత్వం కలిసి వారి స్థితిని మెరుగుపరచే నిర్ణయం వెలువరించాయి. ఆ నష్టమంతా పూడలేదు, అనుమానపు చూపులూ ఒక్కనాటితో పోలేదు. 1941లో లక్షలమంది శత్రువుకు చిక్కడానికి కారణమైన ప్రధాన కార్యాలయంలో అధిపతిగా ఉన్న వ్యక్తే ఈ పని తలపెట్టాడన్నది గమనార్హం. 1937-38లో బలైన సేనానుల నిర్దోషిత్వాన్ని ప్రకటించాలని కూడా ఇతడు పట్టుబట్టాడు.

1956 అక్టోబరులో హంగేరీలో తిరుగుబాటు చెలరేగింది. అక్టోబర్ 30న జరిగిన నాయకుల సమావేశంలో సేనలను బుడాపెస్ట్ నుండి ఉపసంహరించడాన్ని జుకోవ్ సమర్థించినట్లు నేడు లభ్యమవుతున్న పత్రాలు తెలుపుతున్నాయి. మరునాడే నాయకత్వం నిర్ణయం మార్చుకొంది. నవంబర్ 4న కోనెవ్ నాయకత్వంలో సేనలు విరుచుకుపడ్డాయి. ఆ దాడిని సిద్ధం చేసినది జుకోవ్ మంత్రిత్వ శాఖే. వేలమంది హంగేరియన్లు మరణించారు. డిసెంబర్ 1న, అరవయ్యవ పుట్టినరోజున, ఇతనికి నాలుగవసారి సోవియట్ వీరుడు బిరుదు ఇచ్చారు.

1957 జనవరిలో జుకోవ్ భారతదేశం సందర్శించి, ఢిల్లీలో గణతంత్ర దినోత్సవానికి ముఖ్య అతిథిగా హాజరయ్యాడు. ఆ పర్యటనలోనే బర్మాకు కూడా వెళ్ళాడు.

స్వదేశంలో ఇతని వైఖరి పార్టీ వర్గాలకు కంటగింపుగా మారుతున్నది. సోవియట్ సైన్యంలో ప్రతి దళంలోను అధికారితో పాటు పార్టీ తరఫున రాజకీయ కార్యకర్త ఉండేవాడు. ఇద్దరు యజమానులున్న దళం యుద్ధంలో సరిగా పోరాడలేదని జుకోవ్ విశ్వాసం. రాజకీయ ఉపన్యాసాల సమయం తగ్గించి శిక్షణ సమయం పెంచాడు. సైన్యంలోని లోపాల గురించి తన అనుమతి లేకుండా కేంద్ర కమిటీకి వ్రాయడాన్ని అడ్డుకున్నాడు. సైనికాధికారి దృష్టిలో ఇవి సహజమైన సంస్కరణలు. పార్టీ దృష్టిలో సైన్యంపై తన కన్ను మూయించడమే. దీనికి తోడు ఇతని మాట కరకు, శిక్షలు కఠినం. చిన్న తప్పులకే హోదాలు తగ్గించడం వలన అధికారులలోనే శత్రువులు పెరిగారు.

1957 జూన్, అక్టోబర్

1957 జూన్‌లో పార్టీ అత్యున్నత సంఘమైన ప్రెసీడియంలో మలెన్‌కోవ్, మొలొటోవ్, కగనోవిచ్ తదితరులు మెజారిటీ కూడగట్టి కృశ్చేవ్‌ను తొలగించబోయారు. కేంద్ర కమిటీ పూర్తి సమావేశమే తేల్చాలని కృశ్చేవ్ పట్టుబట్టాడు. దేశం నలుమూలల నుండి సభ్యులను మాస్కోకు చేర్చడానికి జుకోవ్ సైనిక విమానాలను పంపాడు. సమావేశంలో పాత దస్తావేజులు చదివాడు. 1937 ఫిబ్రవరి నుండి 1938 నవంబర్ వరకు స్టాలిన్, మొలొటోవ్, కగనోవిచ్‌లు ఆమోదించిన మరణశిక్షల సంఖ్య 38,679 అని వెల్లడించాడు. ప్రత్యర్థులు ఓడిపోయారు. జుకోవ్ ప్రెసీడియం పూర్తి సభ్యుడయ్యాడు. వృత్తి సైనికునికి అంతటి స్థానం దక్కడం అదే మొదలు.

అయితే కృశ్చేవ్‌కు ఆ విజయంలోనే భయం కనిపించింది. తన ఆజ్ఞ లేకుండా సైన్యం కదలదన్న అర్థంలో జుకోవ్ ఆ రోజులలో మాట్లాడినట్లు చెబుతారు. నేడు ఒకరిని నిలిపిన చేయి రేపు దించగలదు. అక్టోబర్ 4న (మొదటి స్పుత్నిక్ ఆకాశానికి ఎగసిన రోజు అదే) జుకోవ్ యుగోస్లావియా, అల్బేనియాల పర్యటనకు బయలుదేరాడు. మంత్రి దేశంలో లేని ఆ మూడు వారాలలో కృశ్చేవ్, ఇతర నాయకులు సైనిక మండలాలలో సమావేశాలు జరిపి అధికారులను కూడగట్టారు. అక్టోబర్ 26న తిరిగివచ్చిన జుకోవ్ విమానాశ్రయం నుండి నేరుగా ప్రెసీడియం సమావేశానికి వెళ్ళవలసి వచ్చింది. ఆ సాయంత్రానికే రక్షణ మంత్రి మలినోవ్‌స్కీ అని రేడియో ప్రకటించింది.

28, 29 తేదీలలో కేంద్ర కమిటీ సమావేశమైంది. పార్టీని సైన్యానికి దూరం చేశాడని, తన కీర్తిని పెంచుకున్నాడని, కేంద్ర కమిటీకి తెలియకుండా విధ్వంసక దళాల శిక్షణకు ప్రత్యేక పాఠశాల నెలకొల్పాడని ఆరోపణలు. నెపోలియన్ వలె అధికారం హస్తగతం చేసుకోదలచాడన్న అనుమానం వీటన్నిటి వెనుక ఉంది. కుట్ర పన్నాడనడానికి సాక్ష్యమేదీ చూపలేదు. 1946లో ద్రోహి అనడానికి నిరాకరించిన కోనెవ్, రొకొసోవ్‌స్కీలు ఈసారి ఇతరులతో పాటు ఇతనికి వ్యతిరేకంగా మాట్లాడారు. ప్రెసీడియం నుండి, కేంద్ర కమిటీ నుండి ఇతనిని తొలగించారు. పార్టీ సభ్యత్వం మాత్రం మిగిల్చారు. 1958లో పదవీ విరమణ చేయించారు. ఇతర మార్షల్స్‌కు వృద్ధాప్యంలో ఇచ్చే గౌరవ పర్యవేక్షక పదవి కూడా ఇతనికి ఇవ్వలేదు.

జ్ఞాపకాలు, చివరి సంవత్సరాలు

తరువాతి ఏడేళ్ళు యుద్ధ చరిత్రలలో జుకోవ్ పేరు నామమాత్రంగా మిగిలింది. మాస్కో శివార్లలోని ఇంట్లో వ్రాతపనితో కాలం గడిపాడు. కృశ్చేవ్ పతనమయ్యాక 1965 మేలో, విజయపు ఇరవయ్యవ వార్షికోత్సవానికి ఆహ్వానం వచ్చింది. సభలో ఇతని పేరు చదవగానే ప్రేక్షకులు లేచి చాలాసేపు చప్పట్లు కొట్టారు. అయినా పదవులేవీ తిరిగి రాలేదు.

ఇతని జ్ఞాపకాల గ్రంథం అధికారుల పరిశీలనలో చాలా కాలం నలిగి, అనేక భాగాలు తొలగించబడి, 1969లో వెలువడింది. యుద్ధ కాలంలో కర్నల్‌గా ఉన్న లియోనిద్ బ్రెజ్నెవ్‌ను సంప్రదించాలనుకున్నానని అందులో ఒక వాక్యం ఉంది. నాటి దేశాధినేతను మెప్పించడానికి, గ్రంథం వెలుగు చూడడానికి చేర్చిన వాక్యమది. తొలగించిన భాగాలతో కూడిన ప్రతి 1989 తరువాత గానీ రాలేదు. గ్రంథం ఆసక్తికరమైనదే అయినా, తన వైఫల్యాల విషయంలో రచయిత సంక్షిప్తంగా వ్రాశాడని గుర్తుంచుకొని చదవాలి.

మొదటి భార్య అలెగ్జాండ్రా 1967లో మరణించింది. రెండవ భార్య, వైద్యురాలైన గలీనా, ఇతనికంటే వయసులో చాలా చిన్నదైనా 1973 నవంబరులో కన్నుమూసింది. అప్పటికే పక్షవాతంతో బాధపడుతున్న జుకోవ్ ఆ తరువాత ఎక్కువ కాలం జీవించలేదు. 1974 జూన్ 18న మాస్కోలో మరణించాడు. చితాభస్మాన్ని క్రెమ్లిన్ గోడలో ఉంచారు.

1995లో మాస్కోలోని చరిత్ర సంగ్రహాలయం ముందు ఇతని అశ్వారూఢ విగ్రహాన్ని నెలకొల్పారు. మంగోలియా రాజధాని ఉలాన్‌బాటర్‌లో ఇతని పేరిట మ్యూజియం ఉంది. ఉక్రెయిన్‌లోని ఖార్కివ్‌లో ఉన్న విగ్రహాన్ని 2019లో నిరసనకారులు కూలద్రోయగా తిరిగి నిలబెట్టారు. రష్యా దండయాత్ర నేపథ్యంలో 2022లో దానిని తొలగించారు. స్వగ్రామానికి సమీపంలోని ఉగోద్‌స్కీ జవోద్ అనే ఊరికి 1974లోనే ఇతని పేరు పెట్టారు. అది ఇప్పుడు జుకోవ్ పట్టణం.